సారాయి అంగడి వెనక సందు

ఆదోని గురించి రాసేవాళ్లు కోట గురించి రాస్తారు, జామియా మసీదు గురించి రాస్తారు, రెండో బొంబాయి అనిపించుకున్న పత్తి వ్యాపారం గురించి రాస్తారు. సారాయి అంగళ్ల వెనక నడిచిన మట్కా ఊసు మాత్రం ఎత్తరు. అది కూడా పత్తి కడుపున పుట్టిందే కాబట్టి ఊరి చరిత్రలో దానికీ ఒక పుట ఇవ్వాలంటాను.

న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో పత్తి ధర ఎంతతో మొదలై ఎంతతో ముగిసిందో బొంబాయికి టెలిప్రింటర్‌లో వచ్చేది. ఆ అంకెల మీదే పందేలు కాసేవాళ్లు. 1961లో ఆ అంకెలు రావడం ఆగిపోయింది. మరుసటి ఏడాది కల్యాణ్‌జీ భగత్ వర్లీలో సొంతంగా ఆట మొదలుపెట్టాడు, 1964లో రతన్ ఖత్రీ మరొకటి పెట్టాడు. అంకె తేల్చడానికి కుండలో చీటీలు వేసి తీయడం పోయి పేకముక్కలు వచ్చాయి. మూడు ముక్కలు తీసి కూడతారు. 3, 6, 8 పడితే పదిహేడు, చివరి అంకె 7. అదే ఓపెన్. అలాగే అర్ధరాత్రి తీసే క్లోజ్ 1 వస్తే, రెండూ కలిపి జోడీ 71. మా ఊరు బొంబాయి–మద్రాసు రైలు దారిలో ఉంది. పత్తి బేరగాళ్లతోపాటే ఆట కూడా దిగిందని పెద్దలు చెబుతారు.

అంగడి ముందర గ్లాసులు, వెనక సందులో చీటీలు రాసే బీటరు. మోకాలి మీద పుస్తకం, కాగితాల మధ్య కార్బన్. పేరు రాయడు. అంకె, డబ్బు వేసి చీటీ చించి ఇస్తాడు. జిన్నింగ్ ఫ్యాక్టరీల్లో బట్వాడా రోజున ఆ సందులో నిలబడే చోటుండేది కాదు. కొందరు ఆడవాళ్లు భర్తల కూలి డబ్బు కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గరే కాచుకునేవాళ్లు. తెల్లారితే హమాలీలు ఒకరినొకరు పలకరించుకునే మాట, “క్లోజ్ ఏమొచ్చిందన్నా?”

జోడీ తగిలితే రూపాయికి ఎనభై. ఉన్నవి వంద జోడీలు. వందమంది తలా ఒక జోడీ మీద రూపాయి కాస్తే ఆట నడిపే కంపెనీకి వంద వస్తుంది, గెలిచినవాడికి ఎనభై పోతుంది. మిగిలిన ఇరవైలోనే బీటరు కమీషన్. మోసం చేయాల్సిన పనే లేదు, లెక్కే వాళ్ల పక్షాన ఉంది. కలలో కనబడిన దానికీ బస్సు టిక్కెట్టు మీది నంబరుకీ ముడిపెట్టి అంకెలు వెతికిన మనుషులకు ఈ ఒక్క లెక్క ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

1974 గేమింగ్ చట్టం కింద కేసులంటే ఎక్కువగా బీటరు మీదే. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. అంగళ్లు మూతపడ్డాయి గానీ చీటీ ఆగలేదు. టీ బంకుకు, బీడీ బంకుకు, ఆ తర్వాత ఫోనులోకి మారింది. సారాయి అంగడి దానికి ఒట్టి చాటు మాత్రమే.

అప్పట్లో చీటీలు రాసినవాళ్లు కొందరు ఇంకా ఊళ్లో ఉన్నారు. పేర్లు అక్కర్లేదు గానీ, సందులో పోగైన డబ్బు ఎవరి చేతుల మీదుగా పైకి పోయేదో వాళ్ల నోటే విని రాసి పెట్టుకోవాలి.