కాళ్ళతో బయలుదేరు గ్లైడర్లు

1894లో బెర్లిన్ నగర సమీపమునందలి లిఖ్టర్‌ఫెల్డెలో 15 మీటర్ల ఎత్తుగల ఒక మట్టిగుట్ట లేచినది. దానిని కట్టించినవాడు ఆటో లిలియన్‌థాల్ అను జర్మన్ ఇంజనీరు. గాలి ఏ దిక్కునుండి వీచినను, దానికి ఎదురుగా పరుగెత్తి ఎగురుటకు ఆ గుట్ట ఆయనకు ఉపయోగపడెను. సన్నని కొమ్మల చట్రముపై గుడ్డ బిగించి చేసిన ఆయన గ్లైడరు బరువు సుమారు 20 కిలోలు. దానికి ఇంజను లేదు, చక్రములు లేవు. ఆ రెండింటి పనియు మనిషి కాళ్ళే చేసెను.

ఇందలి చిక్కు ఏమి? గాలి రెక్కను పైకెత్తు బలము రెక్క వైశాల్యమును, వేగము యొక్క వర్గమును బట్టి మారును. వేగము సగమైనచో బలము నాలుగవ వంతగును. మనిషి పరుగు వేగము స్వల్పము. కనుక రెక్క విశాలముగాను, మోయగలిగినంత తేలికగాను ఉండవలెను. దూరము పోవలెనన్నచో రెక్క పొడవుగా, సన్నగా, దృఢముగా ఉండవలెను. కాని దృఢత్వము బరువును పెంచును. ఈ రెంటిని పొందుపరచుటయే ఈ గ్లైడర్ల చరిత్ర.

లిలియన్‌థాల్ 250 మీటర్ల దూరము వరకు ఎగిరెను. శరీరమును అటునిటు ఊపి గ్లైడరును అదుపుచేసెడివాడు. 1896 ఆగస్టు 9న ష్టోల్న్ కొండపై గ్లైడరు గాలిలో నిలిచిపోయి ముందుకు వాలినది. శరీరపు ఊపు దానిని సరిదిద్దజాలలేదు. వెన్నెముక విరిగి ఆయన మరునాడు మరణించెను.

1948లో అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్ట్రూడ్ గాలిపటమువంటి మెత్తని రెక్కను రూపొందించిరి. అంతరిక్ష నౌకలను దింపుటకు నాసా 1960వ దశకములో దీనిని పరీక్షించి విడిచిపెట్టెను. 1963లో ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్‌లో జాన్ డికెన్సన్ మనిషి ఆ రెక్క క్రింద వ్రేలాడి, త్రికోణాకారపు కడ్డీని త్రోయుచు నడుపు ఏర్పాటు చేసెను. దీనితో శరీరమును సులభముగా కదలించుట సాధ్యమైనది. కాని అట్టి గ్లైడరు ఒక మీటరు దిగులోపల సుమారు 4 మీటర్లే ముందుకు పోయెడిది.

1989లో ఎగిరిన ‘స్విఫ్ట్’ ఈ లోపమును తీర్చెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఇలాన్ క్రూ మొదలగువారు దీని నిర్మాతలు. కార్బన్ నారతో చేసిన ఈ తోకలేని గ్లైడరు బరువు దాదాపు 50 కిలోలు. రెక్క వెనుక అంచున గల కదలు పలకలు దీనిని అదుపుచేయును.

ఇప్పుడు వీనిని పోల్చి చూతము. నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తునుండి దిగునప్పుడు తొలి రొగాలో గ్లైడరు 4 కిలోమీటర్లు, నేటి మేలైన మెత్తని రెక్క 15, స్విఫ్ట్ సుమారు 25 కిలోమీటర్లు పోగలవు. ఇంజన్లు ఆగిన పెద్ద ప్రయాణికుల విమానము పోగలది సుమారు 17 కిలోమీటర్లే. పోటీలలోని పెద్ద గ్లైడర్లు 50కి మించియు పోవును. కాని వాటి బరువు వందల కిలోలు. వాటిని వేరొక విమానమో, యంత్రమో లాగి ఎగురవేయవలెను.

అయితే ఈ అంకెలే సర్వస్వము కావు. 2012లో అమెరికాలోని జపాటా నుండి ఒక మెత్తని రెక్క గ్లైడరు 764 కిలోమీటర్లు పోయినది. మిట్టమధ్యాహ్నము మన ఊళ్ళపై గ్రద్ద రెక్క ఆడింపక చుట్లు తిరుగుచు పైకి పోవుట అందరును చూచినదే. నేల వేడెక్కి పైకి లేచు గాలియే దానికి ఆధారము. గ్లైడరుకును అదియే ఇంజను. ఆ గాలిని కనిపెట్టి అందుకొను నేర్పు మాత్రము రెక్కకు కాదు, దానిక్రింద వ్రేలాడు మనిషికి ఉండవలెను.