క్రేనియోసేక్రల్ థెరపీ: తలపై 5 గ్రాముల ఒత్తిడే.. ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారంటే..?

మసాజ్ థెరపిస్టులు అదనంగా నేర్చుకునే కోర్సుల్లో క్రేనియోసేక్రల్ థెరపీ ఒకటి. పుర్రె ఎముకలు స్వల్పంగా కదులుతాయంటూ అమెరికన్ ఆస్టియోపతీ వైద్యుడు విలియం సదర్లాండ్ 1939లో పుస్తకం రాశారు. తర్వాత జాన్ అప్లెడ్జర్ దీనికి కొత్త రూపమిచ్చి, 1985లో ఫ్లోరిడాలో శిక్షణ సంస్థ పెట్టారు.

అప్లెడ్జర్ పద్ధతిలో మొదట నేర్పేది 10 స్టెప్పుల విధానం. తల, మెడ, నడుము కింది త్రికాస్థిపై చేతులు ఆనించి ‘లయ’ను గమనించాలి. ఒత్తిడి 5 గ్రాములే.. అంటే దాదాపు 2 రూపాయల నాణెం బరువంత.

మరి పనిచేస్తుందా? ఇక్కడే చిక్కు. పెద్దవాళ్లలో పుర్రె ఎముకలు గట్టిగా అతుక్కునే ఉంటాయి. ఒకే వ్యక్తిని ఇద్దరు థెరపిస్టులు పరీక్షిస్తే లయ లెక్కలు కలవలేదని అధ్యయనాల్లో తేలింది. జబ్బులు నయమవుతాయనడానికి బలమైన ఆధారాలు లేవు. హాయిగా అనిపించడం వేరు, చికిత్స వేరు.

అందుకే ట్రైనింగ్‌లో అసలు కీలకం.. ఎవరిని ముట్టుకోకూడదో తెలుసుకోవడం. ఇటీవల పుర్రె ఎముక విరిగినవాళ్లు, మెదడులో రక్తస్రావం అయినవాళ్లు, మెదడు రక్తనాళంలో ఉబ్బు ఉన్నవాళ్లకు ఇది చేయకూడదు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే థెరపీ టేబుల్ కాదు.. వెంటనే 108కి ఫోన్ చేయాలి.