ఒక చిన్న మరలో ఉన్న జవాబు

ఎల్ఏ-2ఏ అనే కంప్రెసర్ పెట్టె ముఖాన పెద్ద గుబ్బలు రెండే ఉంటాయి. ఒకటి ధ్వనిని పెంచేది, రెండోది ఎగసిపడే ధ్వనిని అణిచేది. వాటి మధ్య ముల్లు ఊగే మీటరు. ఈ రెండు గుబ్బల సంగతి సౌండ్ ఇంజినీర్లందరికీ తెలుసు. అయితే స్క్రూడ్రైవర్ మొన పెడితే తప్ప తిరగని చిన్న మర ఒకటి కూడా అందులో ఉంది. సర్క్యూట్ బొమ్మలో దాని పేరు ఆర్37. బేస్, ట్రెబుల్ పాళ్లు సర్దే ఈక్వలైజర్ ముందా, ఎగసిపడే ధ్వనిని అణిచే కంప్రెసర్ ముందా అని రికార్డింగు గదుల్లో ఇప్పటికీ తెగని వాదానికి జవాబు చాలావరకు ఆ మరలోనే ఉందని నా నమ్మకం.

ఆమధ్య ఒక పాత హరికథ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. దాసుగారి గొంతు ఒకసారి గుసగుస, మరోసారి ఉరుము. సర్దుదామని నేరుగా కంప్రెసర్ పెట్టాను. మృదంగం తొప్పి (బేస్ పలికే వైపు) మీద దెబ్బ పడినప్పుడల్లా దాసుగారి గొంతు కుంగి, మళ్లీ మెల్లగా పైకి లేస్తోంది. తప్పు మృదంగానిది కాదు. ధ్వనిలో బలం చాలావరకు బేస్‌లోనే ఉంటుంది. కంప్రెసర్‌కు గొంతేదో, మృదంగమేదో తెలియదు. ఎంత బలంగా వచ్చిందన్నదే చూస్తుంది, మొత్తాన్నీ కలిపి నొక్కుతుంది. 100 హెర్ట్‌జ్ కింది భాగాన్ని ముందుగా ఈక్వలైజర్‌తో తగ్గించి, ఆ తర్వాత కంప్రెసర్ పెట్టి, పోయిన బేస్‌ను చివర్లో కొద్దిగా తిరిగి కలిపాను. గొంతు నిలబడింది, మృదంగమూ మిగిలింది. పనిముట్లు మారలేదు, వాటి వరసే మారింది.

రెండు ఈక్వలైజర్లను ఏ వరసలో పెట్టినా ఫలితం ఒకటే. కంప్రెసర్ అలా కాదు. వచ్చిన ధ్వని బలాన్ని బట్టి దాని పని మారిపోతుంది. కాబట్టి దానికి ముందు ఏం తగ్గించాం, ఏం పెంచాం అన్నదే దాని నడతను నిర్ణయిస్తుంది.

ఈ సంగతి పాటల స్టూడియోల కంటే ముందు రేడియో వాళ్లను వేధించింది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 110 రకం ప్రోగ్రామ్ యాంప్లిఫయర్‌ను 1937లోనే తెచ్చింది. హద్దు దాటే ధ్వనిని దానంతటదే అణిచే యంత్రం అది. అసలు చిక్కు ఎఫ్ఎంతో వచ్చింది. ఎఫ్ఎంలో ‘స్’మనే రొద పై స్థాయుల్లోనే ఎక్కువ. దాన్ని తగ్గించడానికి స్టేషన్‌లో ట్రెబుల్‌ను బాగా పెంచి పంపుతారు, ఇంట్లోని రేడియో అంతే మేర తగ్గించి వినిపిస్తుంది. అమెరికాలో ఈ పెంపుకు 75 మైక్రోసెకన్ల కొలత, ఐరోపాలోనూ మన దేశంలోనూ 50. అమెరికా లెక్కన 15,000 హెర్ట్‌జ్ దగ్గర పెంపు సుమారు 17 డెసిబెల్స్, అంటే వోల్టేజీలో ఏడు రెట్లు.

స్టేషన్‌లోని కంప్రెసర్ మొత్తం ధ్వనిని చక్కగా సర్ది పంపుతుంది. ఆ తర్వాత ఈ పెంపు జరుగుతుంది. అనౌన్సర్ నోట ‘స’, ‘శ’ పలికిన ప్రతిసారీ ఆ ధ్వని ఏడు రెట్ల దాకా ఎగసి, ప్రసారానికి విధించిన హద్దు దాటుతుంది. కాపలాదారు లోపలే ఉన్నాడు, గొడవ గేటు బయట జరిగింది.

ఎల్ఏ-2ఏను రూపొందించిన జిమ్ లారెన్స్ కాలిఫోర్నియా ఇంజినీరు. టైటాన్ క్షిపణి పథకం కోసం కాంతి సెన్సర్ల మీద పనిచేసినవాడు. ఆ అనుభవంతోనే వెలిగే పలక పక్కన, వెలుతురును బట్టి నిరోధం మారే భాగాన్ని అమర్చాడు. ధ్వని పెరిగితే పలక వెలుగుతుంది, వెలుగు పెరిగితే ధ్వని తగ్గుతుంది. 1960ల్లో ఈ పెట్టె రేడియో స్టేషన్లకు వెళ్లింది. ఆర్37 మర పెట్టింది ఎఫ్ఎం చిక్కు కోసమే. దాన్ని తిప్పితే మనకు వినిపించే ధ్వని స్వరూపం నేరుగా మారదు. కంప్రెసర్ ‘వినే’ ధ్వని మారుతుంది. బేస్‌ను తక్కువగా, సకారాలను ఎక్కువగా పట్టించుకోవడం మొదలుపెడుతుంది. కంప్రెసర్ చెవికి మాత్రమే తగిలించిన ఈక్వలైజర్ అన్నమాట. ఇంజినీర్లు ఈ దారిని సైడ్‌చెయిన్ అంటారు. ముందా వెనుకా అన్న ప్రశ్నకు ఇది మూడో జవాబు. నాకు అన్నిటికన్నా ముచ్చటైనదీ ఇదే.

ఎఫ్ఎం స్టేషన్ల కోసం 1975లో బాబ్ ఆర్బన్ తెచ్చిన ఆప్టిమోడ్ 8000 ఇంకో అడుగు వేసింది. ధ్వని శిఖరాలు నొక్కిన తర్వాత 15,000 హెర్ట్‌జ్ దగ్గర, ఆపై ధ్వనిని కోసే ఫిల్టర్ పెడితే, ఆ ఫిల్టరే మళ్లీ కొత్త శిఖరాలు లేపుతుంది. అందుకే ఆర్బన్ హద్దు దాటనివ్వని లిమిటర్, ఫిల్టర్లు, స్టీరియో జనరేటర్ అన్నీ ఒకే పెట్టెలో ఒకదానికొకటి తెలిసేలా కూర్చాడు. పాటల స్టూడియోల సంగతికొస్తే, ఇంగ్లండ్ కంపెనీ ఎస్ఎస్ఎల్ 1979లో తెచ్చిన 4000ఈ కన్సోల్‌లో ఒక్కో ఛానల్లోనే కంప్రెసర్, ఈక్వలైజర్ రెండూ ఉన్నాయి. కంప్రెసర్‌ను వెనక్కి జరపడానికో, ఈక్వలైజర్‌ను సైడ్‌చెయిన్‌కు మళ్లించడానికో బటన్ నొక్కితే చాలు. ఒకప్పుడు వైర్లు మార్చి చేసిన పని వేలికొసకు వచ్చింది. ఇవాళ ల్యాప్‌టాప్‌లో మౌస్‌తో లాగితే సరిపోతుంది.

నా తీర్పు అడిగితే, అక్కర్లేనిది కంప్రెసర్‌కు ముందే తీసేయాలి, అందం కోసం పెంచేది దాని తర్వాతే చేయాలి. ట్రెబుల్ పెంచి కంప్రెసర్‌లోకి పంపితే, పెంచినదాన్ని అదే మళ్లీ నొక్కుతుంది. కావాలనే అలా చేసే మంచి ఇంజినీర్లూ ఉన్నారు. వాళ్లు ఆ నొక్కుడు చేసే శబ్దాన్నే కోరుకుంటారు.

మీ ఇంట్లో హరికథలో, నాటకం పద్యాలో, అమ్మమ్మ పాడిన పెళ్లిపాటలో ఉన్న క్యాసెట్టు ఉంటే, బాగు చేయడానికి ముందు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫైల్‌లో దాచి, ఆ ఫైల్‌ను ముట్టుకోకండి. ఈక్వలైజర్ తగ్గించినదాన్ని కొంతవరకైనా తిరిగి పెంచగలం. కంప్రెసర్ నొక్కిన గొంతులోని హెచ్చుతగ్గులను మళ్లీ యథాతథంగా తేవడం దాదాపు అసాధ్యం.