పంతులుగారి గడప



నేను తెలుగు పండితుడనై ములకలపల్లి ప్రాంతమునకు వచ్చిన క్రొత్తలో అద్దెయిల్లు వెదకుచు ఒక గృహస్థు వాకిట నిలిచితిని. ఆయన నన్నడిగిన ప్రశ్నలలో ఒక్కటియు నా చదువును గూర్చినది కాదు. ఏమి భుజింతురు, సాయంకాలమెక్కడ గడుపుదురు, ఇంటికెవరెవరు వత్తురు, కుటుంబమును వెంట తెచ్చితిరా లేదా, ఇవియే ఆయన ప్రశ్నలు. నాకు పూర్వము ఆ యింట కాపురమున్నవాడు అటవీశాఖలో ఉద్యోగి. అతనిని ఇట్టివి యేమియు అడుగలేదని మాటల సందర్భమున తెలిసి, కారణమేమని అడిగితిని. "మీరు పంతుళ్లు గదా!" అని ఆయన ఒక్క మాటతో ముగించెను. ఆ మాట వెనుకనున్న చరిత్రను నాకు తెలిసినంతవరకు ఈ ప్రసంగములో మనవి చేసెదను.

మన పూర్వపు వీధిబడి అయ్యవారికి సర్కారు జీతము లేదు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలలను గూర్చి విచారణ చేయింపగా, బళ్లారి కలెక్టరగు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో ఆ జిల్లాయందు 533 బడులును, వానిలో 6,641 మంది పిల్లలును ఉన్నట్లు వ్రాసెను. అనగా బడికి పన్నిద్దరు మాత్రమే. ఒక్కొక్క పిల్లవాడు నెలకు పావులా మొదలు అర్ధరూపాయి వరకు ఇచ్చెడివాడు. లెక్కకట్టి చూడుడు: అయ్యవారి నెల రాబడి మూడు రూపాయలకును ఆరు రూపాయలకును నడుమ నుండెను. తక్కిన సంసారము ఊరివారి ధాన్యముతో, కూరగాయలతో, దసరా దినములలో పిల్లలచేత విల్లంబులు పట్టించి ఇంటింటికి తిప్పగా వచ్చిన కానుకలతో గడువవలసినదే. ఊరి గింజలు తిన్నవాని వంటయింటి పొగను ఊరు లెక్కపెట్టుటలో వింత యేమున్నది?

శాస్త్రమును ఈ విషయమున మౌనముగా లేదు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునితో ఆచార్యుడు, మాయందలి మంచి నడవడిని మాత్రమే నీవు గ్రహింపుము, తక్కినవానిని విడిచిపెట్టుము అను నర్థము వచ్చునట్లు చెప్పును. ఆచార్యుని దైవముగా చూడుమన్న మాటను మనవారు గోడలమీద వ్రాయించుకొనిరి. ఆ చెంతనే యున్న ఈ మాటను మాత్రము ఎవ్వరును వ్రాయించుకొన్నట్లు నేను చూడలేదు. తనయందు విడువదగిన నడవడియు కలదని గురువే ఒప్పుకొనుచున్నాడు గదా! విడువుమని చెప్పిన ఆ ఋషి, దానిని వెదకి దండింపుమని ఊరివారికి అధికారమీయలేదు.

తరువాత ప్రభుత్వోద్యోగములు వచ్చినవి. జీతము ఖజానానుండి వచ్చుచున్నపుడు ఊరి చూపు పంతులుగారి గడపను దాటి లోనికి రానక్కరలేదు. కాని వచ్చినది. అది ఎట్లు వచ్చినదో కందుకూరి వీరేశలింగము పంతులుగారి కథవలన తెలియును. ఆయన 1848లో రాజమహేంద్రవరమున జన్మించి, కోరంగిలోను, ధవళేశ్వరములోను ఉపాధ్యాయులుగా నుండి, 1876లో రాజమహేంద్రవరపు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులైరి. చిన్నయసూరి విడిచిపోయిన సంధి విగ్రహములను తెలుగున రచించిన విద్వాంసులు. వారి శైలిని తప్పుపట్టిన పండితులు లేకపోలేదు. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారితో వారికి పత్రికలలో జరిగిన వాదములు ప్రసిద్ధములే. అవి పండితుల తగవులు. ఊరి తగవు వేరు. 1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారు తమ యింటనే గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ అను వధూవరులకు మొదటి వితంతువివాహము జరిపించిరి. అల్లరి జరుగకుండ ఆ పెండ్లిని కాచినవారిలో వారి శిష్యులు ముఖ్యులు. పెండ్లి యైన మరునాటినుండి వెలి మొదలైనది. వంటవారు మానిరి, నీరు తెచ్చువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి కడవతో నీరు మోసికొని వచ్చి, వండి వడ్డించిరి. పెండ్లిభోజనము చేసినవారిలో కొందరు తరువాత ప్రాయశ్చిత్తము చేసికొని సంఘములో కలిసిరి.

ఈ కథలో నన్నెప్పుడును ఆలోచింపజేయునది ఒక్కటి. తగవంతయు పండితుని పాఠమునుగూర్చి కాదు, ఆయన యింటిలో వేసిన పందిరిని గూర్చి. నేడు ఏ పాఠశాల గోడమీద చూచినను ఆదర్శోపాధ్యాయుల వరుసలో వారి పటముండును. ఆ పటము క్రింద నిలిచి మనము పిల్లలకు బోధించు సచ్ఛీలమునందే వారు తమ కాలమున తప్పిరని తీర్పు పొందిరి.

అయితే ఒక సంగతి దాచరాదు. వీరేశలింగముగారు తామే పరుల గడపలు తెరచి చూపినవారు. 1874లో వారు స్థాపించిన వివేకవర్ధని అధికారుల లంచములను, న్యాయవాదుల నడవడిని, వేశ్యల మేజువాణీలను బజారున పెట్టినది. అది లోకోపకారమే, సందేహము లేదు. కాని పెద్దమనుష్యుని ఇంటి లోపలి సంగతి బహిరంగ విచారణకు తగినదను న్యాయమును ఆ పత్రిక జనులకు నేర్పినది. 1881లో జనులు ఆ న్యాయమునే ఆయన వాకిట ప్రయోగించిరి.

ఆ మార్గమును కడవరకు నడిపినవారు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. వీరు 1862లో మచిలీపట్టణమున జన్మించిరి. సికింద్రాబాదులోని మహబూబు కళాశాలకును, పిదప 1919 వరకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకును అధ్యక్షులుగా నుండిరి. యౌవనముననే భార్యావియోగమైనను మరల వివాహమాడలేదు. భోగముమేళము పెట్టినచోటికి పోరాదని బోధించి, తాము పోక, బోధకు ఆచరణకు నడుమ వెండ్రుకవాసి సందు విడువలేదు. భోగస్త్రీని పోషించుట హోదాగా చెల్లుచున్న దినములలో ఉపాధ్యాయుడొకడు నిలిచి అది పాపమనుట సామాన్య సాహసము కాదు. అంతకుముందే, 1892లో, గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున గిరీశమను పాత్రను ప్రదర్శింపజేసియుండిరి. ఆంధ్రులకందరకు తెలిసిన గృహోపాధ్యాయుడు గిరీశమే గదా! వేంకటేశమునకు చదువు చెప్పుటకు వచ్చి ఆతడు చేసిన ఘనకార్యము జగద్విదితము. నాయుడుగారి తెల్లని వస్త్రములవంక చూచుచు, గిరీశమును తలచి నవ్వుచు, తెలుగువారు ఉపాధ్యాయునికి ఒక కొలత ఏర్పరచుకొనిరి. ఆ కొలత యోగులకు సరిపోవునది.

విధివైపరీత్యమేమనగా, నాయుడుగారి కళాశాలలో చదివి, వారి ప్రభావమున బ్రహ్మసమాజమున చేరిన శిష్యులలో గుడిపాటి వేంకటచలముగారొకరు. వీరును ఉపాధ్యాయులై, పాఠశాలల పర్యవేక్షకులై పనిచేసిరి. తమ సంసారమునుగూర్చి ఏమియు దాచక, వ్రాసినదానికి నడచినదానికి భేదము లేక యుండిరి. అందుచేతనే లోకము వారిని వెలివేసినది. 1950లో అరుణాచలము చేరి, 1979లో అక్కడనే దేహము చాలించిరి. నేను సంప్రదాయమున చదివినవాడను. వారి నవలలను బడి గ్రంథాలయపు బీరువాలో పెట్టుటకు నా చేయి రాలేదు, ఇప్పటికిని రాదేమో. కాని వారి బిడ్డల శిక్షణను మాత్రము ఎందరో తల్లులకు చదువుమని ఇచ్చితిని. పిల్లలను కొట్టరాదని ఆ గ్రంథము ఘోషించును. ఆ దినములలో పసివానిని కోదండము వేసి, తొడపాశము పెట్టిన పంతులు సచ్చరిత్రుడు. కొట్టవలదన్న పంతులు దుశ్శీలుడు! పిల్లవానిపై చేయిచేసికొనుట తప్పని 2009 విద్యాహక్కు చట్టము శాసించువరకు ఈ తీర్పును తిరుగదోడవలెనని ఎవరికిని తోచినట్లు లేదు.

స్త్రీల విషయము మరియు చిత్రము. ఇంగ్లండులో 1944 విద్యాచట్టము వచ్చువరకు పలుచోట్ల ఉపాధ్యాయిని పెండ్లాడినచో ఉద్యోగము వదలుకొనవలసియుండెను. మన వైపున పెండ్లికాని ఉపాధ్యాయినికి ఇల్లు దొరకుట నాకంటె పదిమడుగులు కష్టము. అక్కడ పెండ్లి దోషము, ఇక్కడ పెండ్లి లేకపోవుట దోషము. ఎక్కడను ఆమె చెప్పు లెక్కలను గూర్చి ప్రశ్న లేదు.

ఇక మా అడవి ప్రాంతమునకు వచ్చెదను. దానికి ముందు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని స్మరింపక తప్పదు. గ్రాంథికమును నమ్ముకొన్న నావంటివానికి వారు ప్రతిపక్షులు. వారి వ్యావహారికోద్యమమును నేను నేటికిని అంగీకరింపలేదని నా యీ ప్రసంగమే సాక్ష్యము. అయినను 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన ఆ బ్రాహ్మణుడు, సవరల భాష నేర్చుకొనుటకై ఆ భాష తెలిసినవానిని తన యింటనే పెట్టుకొని, స్వంత ధనముతో సవరపిల్లలకు బడులు పెట్టి, ఆ భాషకు వ్యాకరణమును 1931లోను, నిఘంటువును 1938లోను ప్రకటించెను. గడపలోనికి ఎవరిని రానిచ్చితివి అని ఆయననును అడిగియుందురు. ఆయన రానిచ్చినందువలననే ఆ చదువు సాధ్యమైనది.

ములకలపల్లి పూర్వము నిజాము రాజ్యములోని పాల్వంచ వైపుది. గోదావరికావల భద్రాచలము మద్రాసు ప్రభుత్వపు ఏజెన్సీలో నుండి 1959లో ఖమ్మము జిల్లాలో కలిసినది. ఏలినవారు వేరైనను ఇరుతీరములందును గూడెములు కోయలవే. ప్రభుత్వపు నడవడి నియమములు 1964లో వెలువడినవి; ఉద్యోగి కట్నము పుచ్చుకొనరాదు, భార్య యుండగా మరొకతెను పెండ్లాడరాదు, పదవికి అప్రతిష్ఠ తేరాదు అని అవి చెప్పును. మంచివే. కాని గూడెమువారు పంతులునడుగునది వేరు: ఉందువా, పోదువా? మైదానమునుండి వచ్చిన ఉపాధ్యాయులు బడికి సరిగా రారను ఫిర్యాదు చిరకాలమునుండి ఉన్నదే. షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10వ తేదీన ప్రభుత్వము 3వ నంబరు ఉత్తరువు నిచ్చుటకు ఆ ఫిర్యాదును ఒక కారణము. నూటికి నూరుపాళ్లు ఒకరికే కేటాయించుట చెల్లదని సుప్రీముకోర్టు 2020 ఏప్రిలు 22న దానిని కొట్టివేసినది.

ఆ ఉత్తరువుకు కొన్ని యేండ్లు ముందటి మాట. మాకు నాలుగు క్రోసుల దూరమున నొక గూడెమునకు యువకుడగు ఉపాధ్యాయుడు వచ్చెను. ములకలపల్లిలో ఇల్లు తీసికొనక గూడెములోనే గుడిసె వేసికొనెను. ఏడాదిలో కోయభాష మాటాడ నేర్చెను. నేనొకపరి పోయినపుడు ఇప్పగింజలు నేలపై పోసి, సగము కోయలో, సగము తెలుగులో పిల్లలకు కూడికలు చెప్పుచుండెను. ఆ సంకరభాష నా చెవికి ముల్లువలె నాటినది. కొత్తల పండుగనాడు వారి పంక్తిని కూర్చుండి భుజించి, వారిచ్చిన జీలుగుకల్లు త్రాగెనని వార్త వచ్చెను. బడిలో త్రాగెనని గాని, త్రాగి బడికి వచ్చెనని గాని ఎవరును అనలేదు. అయినను రోడ్డుప్రక్కనున్న వర్తకులును, మా తోటివారు కొందరును కలిసి పై అధికారికి మహజరు పంప నిశ్చయించిరి. భాష గట్టిగా నుండవలెనని దానిని నా యొద్దకు తెచ్చిరి.

మహజరు వ్రాసినది నేనే. శిష్టాచారవిరుద్ధమనియు, గురుపీఠమునకు కళంకమనియు రెండు పుటలు నింపితిని. నా శైలిని వారందరు మెచ్చుకొనిరి. నిజము చెప్పవలెనన్న, నా కోపము కల్లుమీద కాదు, ఆ యిప్పగింజల తెలుగుమీద. మూడు నెలలలో అతనికి బదిలీ యైనది. గూడెములో ఒక్కరినైనను ఎవరును విచారింపలేదు. తరువాత వచ్చినవాడు శాకాహారి, కల్లు వాసన యెరుగనివాడు, విభూతి ధరించువాడు. పట్టణమునుండి పదకొండు గంటల బస్సులో వచ్చి, మూడు గంటల బస్సులో పోయెడివాడు. ఆయన మీద మహజరు ఎవరును వ్రాయలేదు. నేనును వ్రాయలేదు.

2001 ఫిబ్రవరిలో జనాభా లెక్కల పనికై ఆ గూడెము నా పాలికి వచ్చినది. ఇంటింట కూర్చుండి, పేరు, వయస్సు, చదువ వ్రాయ వచ్చునా అని అడిగి గడులు నింపవలెను. పదునాఱు మొదలు ఇరువది యేండ్ల వయస్సువారు చాలమంది వచ్చుననిరి. కొందరు నా కాగితముమీది అక్షరములను తలక్రిందుగానే చదివి చూపిరి. వారికంటె చిన్నవారియొద్దకు వచ్చుసరికి తల్లులు తల లూపిరి. మూడిండ్లు గడచిన పిమ్మట నాకు సంగతి తెలిసినది. నాల్గవ యింట పద్దెనిమిదేండ్ల కోడలు చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని, తన పేరు తానే వ్రాసెదనని నా కలమునడిగి పుచ్చుకొని, ఒక చిత్తుకాగితముమీద గుండ్రని అక్షరములతో వ్రాసినది. కలమును తిరిగి ఇచ్చుచు, "మా సారును ఎవరు పంపించిన్రు సారూ?" అని అడిగెను.

బిడ్డ వయస్సెంత యని నేను తరువాతి ప్రశ్న అడిగితిని.