సెలెకాక్సిబ్, పెద్దపేగు క్యాన్సర్

కీళ్లవాతానికి వాడే మందు సెలెకాక్సిబ్. వాపు, నొప్పి కలిగించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీకి తోడ్పడే కాక్స్-2 ఎంజైమును అడ్డుకుంటుంది. పెద్దపేగు కణితుల్లోనూ ఈ ఎంజైము తరచు ఎక్కువగా ఉండి, వాటి పెరుగుదలకు ఊతమిస్తుంది. అమెరికాలోని తెలుగు శాస్త్రవేత్తలు బండారు ఎస్. రెడ్డి, చింతలపల్లి వి. రావు సహచరులతో కలిసి 1998లో ప్రచురించిన ప్రయోగంలో, మేతలో ఈ మందు కలిపి పెట్టిన ఎలుకల్లో పేగు కణితులు 90 శాతానికి పైగా తగ్గాయి. అసాధారణ ఫలితమిది. వంశపారంపర్య పాలిప్ వ్యాధికి ఈ మందు వాడేందుకు 1999లో అమెరికా అనుమతి వచ్చింది, 2011లో ఆ అనుమతి ఉపసంహరణ జరిగింది. గుండెజబ్బుల ముప్పు 2004లో బయటపడడంతో, దీన్ని నివారణ మందుగా విరివిగా వాడాలన్న ఆశ సన్నగిల్లింది. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గించే మరో మందు ఆస్పిరిన్ మీద మాత్రం పరిశోధన సాగుతోంది. 2025లో వెలువడిన నార్డిక్ దేశాల పరీక్షలో, కొన్ని ప్రత్యేక జన్యుమార్పులున్న పెద్దపేగు క్యాన్సర్ రోగులు శస్త్రచికిత్స తరవాత రోజుకు 160 మిల్లీగ్రాములు వాడితే వ్యాధి తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. రక్తస్రావం ప్రమాదం ఉన్నందున దీన్ని వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.