ఒకే చందమామ, ఎన్ని పేర్లు!

మేము పెరంబూరులో అద్దెకున్న రోజుల్లో మేడమీద ఒక తమిళ కుటుంబం ఉండేది. నెలనెలా మా ఇంటికి 'చందమామ' వచ్చేది, వాళ్ళింటికి 'అంబులిమామ'. రెండింటిలోనూ అదే శంకర్ గారి బొమ్మ: భుజాన శవంతో విక్రమార్కుడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పరుచుకుని, ఇక్కడున్నదే అక్కడా ఉంటుందన్న ధీమాతో నేను తమిళ అక్షరాలు కూడబలుక్కున్నాను. అదెంత గడుసు వ్యాపారమో మాత్రం బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, లెడ్జర్ల మధ్య తల నెరిశాక గానీ బోధపడలేదు.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో ఈ ఊరినుంచే తెలుగు, తమిళ పత్రికలు రెండూ ఒకేసారి మొదలుపెట్టారు. తర్వాత కన్నడం, హిందీ వచ్చాయి. మరాఠీలో అది 'చాందోబా', మలయాళంలో 'అంబిలి అమ్మావన్', ఒడియాలో 'జహ్నమాము'. కథలు అవే, బొమ్మలు అవే. పెట్టిన ఖర్చు అన్ని భాషల పద్దుల్లోనూ సర్దుకుంటుంది. పేరు మాత్రం ఏ భాష పిల్లవాడు చంద్రుణ్ణి ఏమని పిలుస్తాడో అదే. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పని చూశారు. అంటే మద్రాసులో కూర్చుని తెలుగువాడు రాసింది మిగతా భాషల్లోకి వెళ్ళేది. ఆ సంగతి మన పిల్లలకు చెబితే నమ్మరు.

ఇదే ఊళ్ళో టీవీ వ్యాపారమూ ఆ బాటే పట్టింది. 1993లో సన్, 1994లో కన్నడానికి ఉదయ, 1995లో మనకు జెమిని, 1998లో మలయాళానికి సూర్య. సూర్యుడి పేరు, సూర్యోదయం పేరు అందరికీ దక్కి, మనకొక్కరికే మిథునరాశి మిగిలింది! అయినా జెమిని అంటే మద్రాసువాళ్ళకు పరాయి మాట కాదు. వాసన్ గారి స్టూడియో పోయినా అక్కడి వంతెనను ఇప్పటికీ జెమిని అనే పిలుస్తాం.

పేరు మనదే గాని, అది మన ఇంటికి చేరడం కేబులు కుర్రాడి దయ. "ఈ వీధిలో తెలుగువాళ్ళు ఎంతమంది సార్?" అని లెక్క అడిగేవాడు. డిపాజిట్లు లేనిచోట బ్రాంచి ఎందుకని మా పైవాళ్ళు అడిగినట్టే ఉండేది.

ఇప్పుడు ఇంటర్నెట్టు మీద సినిమాలు పంపే కంపెనీలది వేరే పద్ధతి. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో మన దేశంతో సహా 130 దేశాల్లో ఒక్కసారే అడుగుపెట్టింది, అన్నిచోట్లా ఒకటే పేరు. సన్ వారు 2017లో తమ నాలుగు దక్షిణాది భాషలనూ సన్ నెక్స్ట్ అనే ఒక్క బోర్డు కిందికి తెచ్చారు. 2015లో పుట్టిన హాట్‌స్టార్ 2020లో ముందు డిస్నీ పేరు తగిలించుకుంది, 2025లో దాన్ని తీసేసి జియో పేరు తగిలించుకుంది. యజమాని మారితే ఇంటిపేరు మారినట్టు. 2020 ఉగాదికి హైదరాబాదు నుంచి తెలుగుకే అంటూ వచ్చిన ఆహా 2022లో తమిళం కూడా చేర్చుకుంది. పేరు మార్చే పని పడలేదు. ఆశ్చర్యపోవడం రెండు భాషల్లోనూ ఒకటే కదా.

ఈ పద్ధతిలో మనకు లాభం ఉంది, కాదనను. వీధిలో తెలుగువాళ్ళు ఎంతమందని ఎవరూ అడగరు. నేనొక్కణ్ణి ఉన్నా చాలు, తెలుగు అన్నచోట నొక్కితే వస్తుంది. నొక్కకపోతే మాత్రం లేదు. చందమామ అట్టమీద ఆ పేరే తెలుగు. ఇప్పుడు బోర్డు మీద భాష లేదు, లోపల ఒక మీటగా ఉంది. పైగా ఆ మీటను మా ఇంట్లో నేను తప్ప మరొకరు ముట్టుకోరు.

మొన్న ఆదివారం మా అమ్మాయి 'మాయాబజార్' తమిళంలో చూస్తోంది. అభిమన్యుడిగా నాగేశ్వరరావు గారికి బదులు జెమిని గణేశన్. "అసలుది చూడవే" అన్నాను.

"ఇదీ అసలే నాన్నా. 1957లో రెండు భాషల్లోనూ తీశారని నువ్వేగా చెప్పావు" అంది.

నేను చెప్పిందే. పక్కన కూర్చుని మిగతా సినిమా తమిళంలోనే చూశాను.