శాతానికి అందని కష్టం: వైకల్య గణాంకాలు, నల్లగొండ సాక్ష్యం

వికలాంగుల స్థితిగతుల మీద రాసేవాళ్ళలో చాలామంది వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం రికార్డులనే ప్రమాణంగా తీసుకుంటున్నారు. జనగణనలో ఉన్నది నోటిమాట, సదరంలో ఉన్నది డాక్టరు సంతకం, కాబట్టి రెండోదే నికరమని ఆ పక్షాన గట్టిగా నిలబడ్డ సహ పరిశోధకుడొకరి వాదన. సంతకం నికరమే. దేనికి పెట్టిన సంతకమన్నదే నా తగువు.

సదరం క్యాంపులో తేల్చేది అర్హత. 40 శాతం వస్తే పింఛను, రాకపోతే లేదు. పైగా జాతీయ నమూనా సర్వే 76వ విడత (2018) ప్రకారం దేశంలోని వికలాంగుల్లో ధ్రువపత్రం ఉన్నవారు 28.8 శాతమే. మిగతావాళ్ళు మన మిత్రుడి పట్టికల్లోకి రానే రారు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో కలిసిన ఒకావిడకు తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ఎముకలకు పట్టింది. పక్క నుంచి పిలిస్తే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి. చెయ్యి భుజం దాటి లేవదు. “జడ ఏసుకునుడు ఎప్పుడో బందయింది సారూ, కోడలే ఏస్తది. ఆమె తల్లిగారింటికి పోతే గట్లనే ఉంట” అంది. సర్టిఫికెట్లో 36 శాతం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఫ్లోరోసిస్ పేరు లేదు గనక కేసు చలన వైకల్యం కింద పడింది. తాగిన నీళ్ళ ఊసే అందులో లేదు. 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాసిన జబ్బు ఇది!

ఆవిడనే వైకల్య గణాంకాల మీద పనిచేసే వాషింగ్టన్ గ్రూపు వారి ఆరు ప్రశ్నలు అడిగాను: చూపు, వినికిడి, నడక, జ్ఞాపకం, సొంత పనులు, మాట. స్నానం, బట్టలు కట్టుకోవడం దగ్గరికి వచ్చేసరికి ‘చాలా కష్టం’ అంది. ఒక్క అంశంలో ఆ జవాబు వచ్చినా వైకల్యం కిందే లెక్కగట్టమని ఆ గ్రూపు సూచన. అంటే సదరం గీతకు దిగువన ఆగిపోయిన మనిషి ఇక్కడ లెక్కలోకి వచ్చింది. మానసిక అనారోగ్యం ఈ ప్రశ్నలకు సరిగా చిక్కదన్న విమర్శ ఉంది, నిజమే.

2011 జనగణన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, జనాభాలో 2.21 శాతం అని తేల్చింది. ప్రపంచ జనాభాలో 16 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక. ఇంత తేడా ఒంట్లోంచి రాదు, అడిగే తీరులోంచి వస్తుంది. మర్రిగూడ మాట రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుందనే నేనంటాను: మన దగ్గర వైకల్య గణాంకాలుగా చలామణీ అవుతున్నవి పింఛను గణాంకాలే.

దీనికి తోడు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో చోటిచ్చిన వైకల్య ప్రశ్నను ఆరో విడతకు తీసేశారు. రక్తహీనత, కాన్పులు, టీకాల వివరాల పక్కన వైకల్యాన్ని పెట్టి చూసే వీలు అలా పోయింది. 2027 జనగణనలోనైనా ఆ ఆరు ప్రశ్నలు చేర్చాలి; జవాబు ఇంటిపెద్ద దగ్గర కాక ఆ మనిషి దగ్గరే తీసుకోవాలి.